రెక్క పైనా, కిందా?

మా మ్యూజియంలో ప్రతి విమానం ముందూ ఒక బోర్డు ఉంటుంది. పేరు, రకం, రెక్కల పొడవు, ఇంజను బలం. ఆ నాలుగు లైన్లు రాయడానికి జీతం తీసుకునేవాణ్ని నేను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క బోర్డు మీద కూడా "తెలియదు" అన్న మాట రాయలేదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాణ్ని. తెలియని విమానాలు రాలేదని కాదు, వచ్చినవాటిని గోదాములోకి తోయించేవాణ్ని. నా వెనక అందరూ నన్ను బోర్డు సార్ అంటారు. ముందు కూడా అంటారు, కాకపోతే కొంచెం నెమ్మదిగా.

ఇంట్లో మాత్రం నా విద్వత్తుకి గిరాకీ లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత నాలాంటివాణ్ని చూసే పుట్టించి ఉంటారు. ఆకాశంలో ఏదైనా ఎగురుతుంటే మా ఆవిడకి అది విమానం అని తెలిస్తే చాలు. నేను దాని రకం, ఇంజను చెప్పడం మొదలుపెట్టగానే స్టవ్ మీద పాలు గుర్తొస్తాయి. మా ఇంట్లో అన్ని పాలు ఎప్పుడు కాగుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక బుధవారం మధ్యాహ్నం నా గదికి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చెవి వెనక పెన్సిలు, చొక్కా చేతుల మీద రంపపు పొట్టు. తలుపులు చేసే వడ్రంగినని చెప్పింది. తండ్రి కూడా అదే పని చేసేవాడట. రెండేళ్ల కిందట పోయాడు. పోతూ పోతూ వర్క్‌షాపు వెనక షెడ్డులో సగం కట్టిన చెక్క విమానం ఒకటి వదిలి వెళ్లాడు.

"నాన్న పదకొండేళ్లు కట్టాడు సార్. మిగతాది నేను పూర్తి చేద్దామనుకుంటున్నాను. ప్లాన్లేమో షెడ్డు కప్పు కారి తడిసి ముద్దయిపోయాయి. ఏ రకమో తెలిస్తే కొత్తవి తెప్పించుకుంటాను. ఎగరడానికి అనుమతి ఇచ్చే తనిఖీ ఆఫీసరు కూడా అదే అడుగుతున్నాడు. ముందు రకం తేల్చి, బాగా తెలిసినవాళ్ల చేత ఒక ఉత్తరం రాయించుకు రమ్మన్నాడు."

బాగా తెలిసినవాళ్లు అన్న మాట చెవిన పడగానే నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"ఇంకో సంగతి సార్. అమ్మ ఈ నెలాఖరు దాకానే ఊరుకుంటానంది. ఈలోగా అదేమిటో తేలకపోతే కట్టెల అతన్ని పిలిచి ఇచ్చేస్తానంది. అమ్మ అందంటే చేస్తుంది."

"ఆవిడకి విమానాలంటే పడదా?"

"ఆ ఒక్క విమానం అంటే పడదు," అంది అమ్మాయి.

శనివారం నేను టేపు, నోటుపుస్తకం, భూతద్దం తీసుకుని బయల్దేరాను. భూతద్దంతో పనేమీ ఉండదు. అది చేతిలో ఉంటే మనిషి కాస్త పెద్దగా కనిపిస్తాడు.

వర్క్‌షాపు ఒక ఇరుకు వీధిలో, టైర్ల దుకాణానికీ టైలరు షాపుకీ మధ్య ఉంది. ముందు గదిలో గోడలకి ఆనించిన తలుపులు, నేలంతా చిత్రిక పట్టిన చెక్క చుట్టలు, జిగురు వాసన. పెద్దావిడ ఒక స్టూలు మీద కూర్చుని డబ్బాలో మరమేకులు సైజుల వారీగా ఏరుతోంది. ఆవిడ ఎడమ కాలు మోకాలి దగ్గర వంగదు. నేను ఆ చాచిన కాలు చుట్టూ తిరిగి లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

"మీరేనా విమానాల డాక్టరు?" అంది తల ఎత్తకుండా. "చూడండి బాబూ, బాగా చూడండి. మా ఆయన పదకొండేళ్లు దాంతోనే కాపురం చేశాడు. పంపించేముందు కనీసం పేరైనా తెలుసుకుందాం."

నేను పెద్దమనిషిలా నవ్వి షెడ్డులోకి నడిచాను.

విమానం అన్నానే గానీ అది ఇంకా విమానం కాలేదు. షెడ్డు పొడవునా ఒక చదునైన బల్ల. దాని మీద వరసగా నిలబెట్టిన చట్రాలు, వాటిని కలుపుతూ ముక్కు నుంచి తోక దాకా సన్నటి చెక్క పట్టీలు. ఒంటి మీద తొడుగు లేదు, రెక్కలు లేవు, సీట్లు లేవు. గోడకి రెక్క ఎముకలు దండలాగా వేలాడుతున్నాయి. ప్రతి అతుకూ నున్నగా ఉంది. జిగురు ఒక్క చుక్క బయటికి కారలేదు. అంత శుభ్రమైన పని మా మ్యూజియంలో ఉన్నవాటిలో కూడా తక్కువే.

ఒక మూల దుప్పటి కప్పి ఉంది. అమ్మాయి దాన్ని తీసింది. లోపల రెండు పొడవాటి పలకలు, లేత పసుపు రంగువి. ఒక్క ముడి లేదు, ఎక్కడా వంకర లేదు.

"రెక్క దూలాలకి సార్. రెక్క బరువంతా మోసేది ఇవే. నాన్న వీటిని పద్నాలుగేళ్లు ఆరబెట్టాడు. ఇప్పుడు ఇలాంటి చెక్క కావాలన్నా దొరకదు. ఈ ఒక్క జతే ఉంది. తప్పు కోస్తే ఇక విమానం లేదు."

"తప్పెందుకు కోస్తాం?" అన్నాను. కోసేది ఆ అమ్మాయి, చెక్క వాళ్ల నాన్నది. కానీ "కోస్తాం" అన్నది నేను.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నేను చూసిన విమానాలన్నీ పుట్టి పెరిగి, ఎగరాల్సినంత ఎగిరి, రిటైరై మా హాల్లోకి వచ్చి కూర్చున్నవి. కడుతుండగా ఒక్కదాన్ని కూడా చూడలేదు. చూడలేదని నాకు ఆ రోజు గుర్తు కూడా రాలేదు.

నలభై నిమిషాల్లో తేల్చేశాను. చట్రాల పైభాగంలో దూలం కూర్చోవడానికి గాళ్లు కోసి ఉన్నాయి. అంటే రెక్క పైన ఉండే రకం. తోక దగ్గర ఒక కర్ర కిందికి పొడుచుకొచ్చి, బల్లకి కోసిన కంతలోంచి దిగి ఉంది. అది తోక చక్రం కాలు అనుకున్నాను. చట్రాల మీద పెన్సిల్‌తో రాసిన అంకెలన్నీ తిరగేసి ఉన్నాయి. ఆయనది ఎడమచేతి వాటం అయ్యుంటుంది, అవతలి పక్క నిలబడి వంగి రాసుంటాడు అని సమాధానం చెప్పుకున్నాను. నా దగ్గర సమాధానం లేని ప్రశ్న ఉండదు, అదే నా జబ్బు.

రెక్క పైన ఉండే రెండు సీట్ల చిన్న చెక్క విమానాల్లో పాలపిట్ట అని ఒకటుంది. దాని కొలతలు నాకు నోటికి వచ్చు. మూడు కలిశాయి, అయిదు కలవలేదు. కలవనివాటిని సర్ది చెప్పాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు కదా, నేను నాలుగో కాలు కళ్లారా చూసి కూడా దాన్ని తోక అనేశాను.

"పాలపిట్ట," అని ప్రకటించాను.

అమ్మాయి నా వైపోసారి, బల్ల వైపోసారి చూసింది. "కానీ సార్, నాన్న దీన్ని..."

"చూడమ్మా, తలుపు వేరు, విమానం వేరు. దీనికి కొంచెం అనుభవం కావాలి."

నేను అక్కడే బల్ల మీద ఉత్తరం రాసి, సంతకం పెట్టి, కింద హోదా కూడా రాశాను. వెళ్లేటప్పుడు పెద్దావిడ "ఏం తేల్చారు?" అంది. చెప్పాను. "పాలపిట్టా?" అని ఒక మరమేకుని వెలుగులో పెట్టి చూసి డబ్బాలో వేసింది. "సరే, పేరైతే ఉంది. ఎగురుతుందో లేదో చూద్దాం."

పది రోజులకి ప్లాన్లు వచ్చాయి. అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, ఈ ప్లాన్లో రెక్క పైన ఉంది."

"ఉండాలి మరి."

"మా దాంట్లో మరి..."

"ప్లాన్ని నమ్మమ్మా. గీసినవాళ్లు నీకన్నా నాకన్నా తెలిసినవాళ్లు. దూలాలు ఆ కొలతల ప్రకారం కోసెయ్."

"సరే సార్. మీరంతగా చెబుతున్నారు కదా. ఈ ఆదివారం కోస్తాను," అంది. నేను ఫోన్ పెట్టేసి, జనానికి ధైర్యం ఉండదు, మనమే ఇవ్వాలి అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ పాల దగ్గరికి వెళ్లింది.

శనివారం మ్యూజియంలో నా కుర్చీ కాలు ఊగుతోందని మరమ్మతుల వడ్రంగిని పిలిపించాను. అతను నాలుగు కాళ్లూ ఊడదీసి, సీటుని బోర్లా నా బల్ల మీద పరిచి, కాళ్లని ఆకాశం వైపు నిలబెట్టి జిగురు పెడుతున్నాడు. నాకు చమత్కారం పొంగుకొచ్చింది.

"ఏమయ్యా, నా కుర్చీ శీర్షాసనం వేసిందేమిటి?"

"చదునుగా ఉన్న వైపు కిందకి పెట్టుకుంటేనే కదా సార్, మిగతావి సమంగా నిలబడేది," అన్నాడు అతను జిగురు తుడుస్తూ. "ఏది కట్టినా అంతే. చదును వైపు బల్లకి ఆనించి మొదలుపెడతాం. అంతా అయ్యాక తిరగేస్తాం."

నేను ఆ కుర్చీని చూస్తూ నిలబడిపోయాను. పైకి లేచిన కాళ్లు. బల్లకి ఆనిన సీటు. చదునైన పొడవాటి బల్ల. తిరగేసిన అంకెలు. ఎడమచేతి వాటం లేదు, అవతలి పక్కనుంచి వంగడం లేదు. ఆయన అంకెలు నిటారుగానే రాశాడు. తోక చక్రం కాలు అనుకున్నది తోక రెక్క నిలబడే కర్ర. గాళ్లు ఉన్నది పైన కాదు, విమానం పొట్ట కింద. అది రెక్క కింద ఉండే రకం. తలకిందులుగా తపస్సు చేసినా నా బుర్రకి తట్టని సంగతిని తలకిందులుగా ఉన్న నా కుర్చీ చెప్పింది.

పప్పులో కాలేశానని అర్థమైంది. కాలే కాదు, ఉత్తరంతో, సంతకంతో, హోదాతో సహా నిలువునా దిగాను.

రెక్క కింద ఉండే రకాలతో పోలిస్తే పాలపిట్ట దూలం పొట్టిది, అంతా కలిపి మూరెడు తక్కువ. ఆ కొలతకి కోస్తే ఆ పలకలు ఇక దేనికీ పనికిరావు. వెంటనే ఫోన్ చేయాలి. నేను వెంటనే చేయలేదు. ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కున్నాను. "కొన్ని కొత్త వివరాలు తెలియవచ్చాయి" అనుకున్నాను. "మరింత లోతుగా పరిశీలించిన మీదట" అనుకున్నాను. ఇంటికెళ్లేదాకా మర్యాద పోకుండా తప్పు ఒప్పుకునే వాక్యం కోసం వెతికాను. అలాంటి వాక్యం భాషలో లేదు. చివరికి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎత్తనందుకు ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా ఆవిడ నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ అమ్మాయి ఏదో చెప్పబోయిందన్నారు కదా, రెండుసార్లు?"

"అవును."

"మరి విన్నారా?"

నాకు సమాధానం లేని ప్రశ్న ఉందని ఆ రోజు తెలిసింది.

ఆదివారం మొదటి బస్సే ఎక్కాను. అది ప్రతి స్టాపులోనూ తీరిగ్గా ఆగింది. వీధి మలుపు తిరిగేసరికి రంపం మిషను చప్పుడు వినిపించింది. నేను పరిగెత్తి ఎన్నేళ్లయిందో. టైర్ల దుకాణం ముందు ఒక చెప్పు జారిపోయింది, ఆగకుండా ఒంటి చెప్పుతోనే వర్క్‌షాపులోకి దూసుకెళ్లాను.

"ఆపమ్మా, ఆపు."

అమ్మాయి మిషను ఆపింది. దాని మీద ఉన్నది ఏదో ఇంటి తలుపు పలక. దూలాలు పక్కనే స్టాండ్ల మీద ఉన్నాయి. గీతలు గీసి ఉన్నాయి కానీ కోయలేదు.

"ఈ తలుపు ముక్క అవగానే అవే సార్," అంది.

నేను గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. దారంతా కూడబెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "నేను తప్పు చెప్పానమ్మా. అది పాలపిట్ట కాదు. నీ విమానం బోర్లా ఉంది."

"బోర్లా ఉందని తెలుసు కదా సార్."

"నీకు తెలుసా?"

"నాన్న బోర్లా పెట్టే కట్టాడు. అదే చెప్పబోయాను. మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. రెక్క పైనంటే, బోర్లా ఉన్నా కూడా ఏదో లెక్క ప్రకారం పైనే అవుతుందేమో, నాకు అర్థం కానిది మీకు తెలిసి ఉంటుందనుకున్నాను." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

స్టూలు మీద పెద్దావిడ మొదటిసారి నన్ను తేరిపార చూసింది. "అంటే డాక్టరుగారు రోగి పాదాలు చూసి తలనొప్పి అన్నారన్నమాట. ఆ రెండో చెప్పు కూడా విప్పండి బాబూ, కాలికి మేకు గుచ్చుకుంటుంది."

విమానాన్ని తిరగేస్తే గానీ ఏమీ తేలదు. టైర్ల అతను, టైలరు, టైలరు తమ్ముడు, ఎదురింటి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. బల్లకి పట్టి ఉంచిన బిగింపులన్నీ అమ్మాయి విప్పింది. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో, ఎవరు కిందనుంచి చెయ్యి మార్చుకోవాలో ఆమె చెప్పింది, మేం విన్నాం. అది చాలా తేలిగ్గా లేచింది. తిరగేసి కిందకి దించాం. ఇన్నాళ్లూ కంచెలాగా ఉన్నది ఇప్పుడు విమానం. ముక్కు, పక్కపక్కనే ఇద్దరు కూర్చునే చోటు, నిటారుగా లేచిన తోక కర్ర. చట్రాల మీద ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు గుండ్రంగా, నిటారుగా కనిపించాయి.

నా సంచిలో పాత ప్లాన్ల పుస్తకం ఉంది. రెక్క కింద ఉండే రెండు సీట్ల చెక్క విమానం, పేరు లకుముకి. ఈసారి ఒక్కో కొలతా అమ్మాయి చేతే చదివించాను. పొడవు కలిసింది. చట్రాల మధ్య దూరం కలిసింది. తోక ఎత్తు కలిసింది. సీట్ల దగ్గర మాత్రం వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. కుడి సీటు ముందున్న చట్రంలో ఒక పెద్ద కంత, దాని అవతల ఒక చిన్న కొయ్య దిమ్మ ఉన్నాయి. రెండూ ప్లాన్లో లేవు.

మనిషికి బుద్ధి రావడానికి అరగంట చాలదు. అడుసు తొక్కి కాలు కడుక్కున్న తడి ఇంకా ఆరనే లేదు, మళ్లీ అందులోనే పెట్టాను.

"పొరపాటు," అన్నాను. "ఆయన తలుపుల మనిషి కదా, ఎక్కడో కొలత జారుంటుంది. నువ్వు దూలాలు ప్లాన్ ప్రకారం కోసెయ్. తొమ్మిది సెంటీమీటర్లు ఎలాగో సర్దుకోవచ్చు."

"ఏమన్నారు?"

పెద్దావిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

"మా ఆయన్ని నేను అనొచ్చు. ముప్పై నాలుగేళ్లు అన్నాను, పోయాక కూడా అంటున్నాను. మీరు అనడానికి లేదు. ఆయన చేసిన తలుపు ఎక్కడైనా ఒక్కటి గుమ్మంలో బిగుసుకుపోయిందేమో, ఒక్కటి గాలికి కొట్టుకుందేమో చూపించండి. ఆయన కొలత జారలేదు. జారదు."

టైర్ల అతను, మిగతావాళ్లు మెల్లగా బయటికి జారుకున్నారు. నాకూ జారుకోవాలనే ఉంది.

అమ్మాయి మా మాటలు వినడం లేదు. ఆ కంత అంచు చుట్టూ వేలు తిప్పుతోంది. నేను "అది ఇంధనం గొట్టం కోసం" అనబోయాను. అనబోయి మింగాను.

"నువ్వేమనుకుంటున్నావమ్మా?" అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

"మిగతా కంతలన్నీ ఉలి దెబ్బతో వదిలేశాడు సార్. దీన్ని మాత్రం ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది గుండ్రంగా చేశాడు. కనపడని చోట వడ్రంగి ఎవడూ అంత రుద్దడు. చెయ్యో కాలో తగిలే చోటే రుద్దుతాడు. గీసుకోకుండా." ఆమె దిమ్మ మీద చెయ్యి పెట్టింది. "ఇది మడమ ఆనడానికి. కానీ కూర్చున్నవాళ్ల మడమ అంత ముందుకి ఎందుకు వెళ్తుంది? కాలు చాచి..."

ఇద్దరం ఒకేసారి తల తిప్పి చూశాం. చూడకుండా ఉండాల్సింది అనిపించింది, కానీ చూశాం.

పెద్దావిడ తన ఎడమ కాలి వైపు చూసుకుంది. "స్టూలు తే," అంది.

స్టూలు వేశాం. విమానం పక్క పట్టీ ఆ వైపున కొంచెం కిందకి దించి ఉందని అప్పుడు గమనించాను, ఎవరో పెద్దగా కాలు ఎత్తకుండానే లోపలికి దిగడానికి. అమ్మాయి ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. సీటు లేదు గనక అడ్డంగా ఒక పలక వేశాం. ఆవిడ కూర్చుంది. వంగని కాలు ఎటూ తగలకుండా ఆ కంతలోంచి ముందుకు వెళ్లింది. మడమ దిమ్మ మీద ఆనింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"కొలత ఎప్పుడు తీసుకున్నాడు?" అంది ఆవిడ. ఆ ప్రశ్న మమ్మల్ని కాదు.

రెండు చేతులతో పక్క పట్టీలు పట్టుకుని కూర్చుంది. "బస్సెక్కితే ఈ కాలు దారికి అడ్డం. కారెక్కితే తలుపుకి అడ్డం. పెళ్లయిన మూడో ఏడు మెట్ల మీంచి పడ్డాను. అప్పట్నుంచి ఈ వీధి దాటి ఎన్నిసార్లు వెళ్లానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈయనేమో సాయంత్రం అయితే షెడ్డులో దూరేవాడు. నా గోల భరించలేక, నా నుంచి తప్పించుకోవడానికి దూరుతున్నాడనుకున్నాను. పదకొండేళ్లు అదే అనుకున్నాను. ఆయన మొహం మీదే అన్నాను."

"నాన్న నీకు చెప్పలేదా అమ్మా?"

"చెప్పబోయాడే. రెండు మూడుసార్లు వచ్చి, 'నీ కాలు సంగతి...' అని మొదలుపెట్టాడు. నా కాలు సంగతి నీకెందుకు, నీ చెక్కముక్కలు నువ్వు చూసుకో అన్నాను. మళ్లీ ఎత్తలేదు. చెప్పనిచ్చానా నేను? ఒక్క మాట పూర్తి చెయ్యనిచ్చానా?"

ఆవిడ ఏడ్చింది. పమిట కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు, కళ్లు కూడా తుడుచుకోలేదు. అమ్మాయి చట్రం మీంచి వంగి తల్లి భుజం పట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ మీద జాలితో అయితే బాగానే ఉండేది. మాట పూర్తి చెయ్యనివ్వలేదన్న చోట నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడకి ఆయన లేడు, ఇప్పుడు విందామన్నా వినడానికి లేదు. నాకింకా ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

కాసేపటికి అమ్మాయి మొహం చేత్తో తుడుచుకుని దూలాల దగ్గరికి వెళ్లింది. చెవి వెనక పెన్సిలు తీసింది. "సార్, అయితే ఇప్పుడు ఎంతకి కొయ్యాలి? వెడల్పు పెరిగితే దూలం కూడా పెరగాలి కదా? నాన్న తొమ్మిదీ రెండు పక్కలా సమంగా పంచాడా, లేక కుడి పక్కకే ఇచ్చాడా?"

నా దగ్గర అంకె సిద్ధంగా ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "నువ్వు కొలువు. నేను టేపు పట్టుకుంటాను."

కొలిచింది. మధ్య గీత నుంచి ఎడమకి, మధ్య గీత నుంచి కుడికి. మళ్లీ కొలిచింది. కుడి పక్కకే ఇచ్చాడు, మొత్తం తొమ్మిదీ. పలకల మీద పాలపిట్ట గీతల్ని తుడిచేసి, లకుముకి కొలత పెట్టి, దాని మీద ఇంకో తొమ్మిది సెంటీమీటర్లు కలిపి కొత్త గీత గీసింది. గీశాక కూడా పెన్సిలు దించలేదు. పద్నాలుగేళ్లు ఆరిన చెక్క, ఒక్కటే జత.

"అమ్మా, కొంచెం ఎక్కువే ఉంచి కోయనా? తర్వాత కావాలంటే తగ్గించుకోవచ్చు. సరిగ్గా ఇంతే అంటావా?"

"నన్నడుగుతావేమిటే?" అంది పెద్దావిడ విమానంలోంచి. "మీ నాన్న ఎంతంటే అంత."

"నిన్ను ముందు దించమంటావా?"

"నేనెక్కడికి పోతాను? కూర్చునే ఉంటాను. నువ్వు కొయ్యి."

నేను దూలం అవతలి కొస కదలకుండా పట్టుకున్నాను. అమ్మాయి గీత మీద రంపం పెట్టింది.